రెండు పేర్ల బాయి బతుకు

గోదావరిఖనిలో సింగరేణి నుంచి రిటైరైన కార్మికుడెవరి గురించైనా ఆరా తీస్తే చాలాసార్లు ఎదురు ప్రశ్న వస్తుంది: "కంపెనీ పేరు చెప్పాల్నా, సొంత పేరు చెప్పాల్నా?" బయటి ఊళ్లవాళ్లు తికమకపడతారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం అది బడికి పోకముందే తెలిసిన సంగతి. చుట్టాల్లో, పెళ్లి కార్డు మీద, ఊళ్లో పొలం పాస్‌బుక్కులో ఒక పేరు. బొగ్గు బాయి మీద, జీతం చీటీలో, పీఎఫ్ కాగితాల్లో ఇంకో పేరు. ఖని ఒక్కటే కాదు, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, కొత్తగూడెం, ఎక్కడికి పోయినా ఇదే గోస. కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికలు వస్తే గేట్ మీటింగుల్లో మారుపేర్ల ముచ్చట లేవకుండా ఉండదు. 2017లో లేచింది, 2023 డిసెంబరులోనూ లేచింది.

మా తాత అట్లా రెండు పేర్లతో బతికిన మనిషి. 1970లలో కోల్ ఫిల్లర్‌గా చేరి, రిటైరయ్యేదాకా భూగర్భంలోనే పనిచేశాడు. ఆయన పోయిన తర్వాత ఆ జీవితాన్ని ఒక వరుసలో రాసిపెడదామని ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ముందేసుకున్నాను. ఏ బాయిలో మొదట దిగాడు, తాత్కాలికంగా తీసుకునే బదిలీ వర్కర్ నుంచి ఎప్పుడు పర్మినెంట్ అయ్యాడు, కాలికి దెబ్బ తగిలింది ఏ ఏడు, ఇవి తేల్చుకోవాలనుకున్నాను. తాత చేరిన పేరు ఆయనది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి ఉండటం వేరు, కాగితం తర్వాత కాగితం తిప్పుతూ ఎక్కడా తాత కనపడకపోవడం వేరు. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను. ఆ పేరు అసలు ఎవరిదో ఆయన పిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను ఇందులోకి లాగడం న్యాయం కాదు.

ఈ పేర్ల మార్పిడి ఎట్లా మొదలైందో పాత కార్మికులను అడిగితే కథలు కథలుగా చెప్తారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి ఒకరికి కాల్ లెటర్ వస్తుంది. ఇంట్లో తల్లో, పెండ్లామో బాయిలోకి పోవద్దని ఏడుస్తారు. అప్పట్లో బాయి అంటే పోయినవాడు సాయంత్రానికి తిరిగొస్తాడన్న నమ్మకం లేని చోటు. ఆ లెటరు పట్టుకుని పోవడానికి అదే వాడలో ఇంకొకడు సిద్ధంగా ఉంటాడు. కొన్నిచోట్ల డబ్బు చేతులు మారింది. కొన్నిచోట్ల బావ బామ్మర్దుల మధ్య మాట మీదనే జరిగిపోయింది. వయసు చాలని తమ్ముడు అన్న సర్టిఫికెట్‌తో చేరాడు. నాగాలు ఎక్కువై డిస్మిస్ అయినవాడు వేరే పేరుతో మళ్లీ వచ్చాడు. వారసత్వ ఉద్యోగాల కాలంలో కొడుకులు లేని కార్మికుడు పరాయి పిల్లవాణ్ని కొడుకనో అల్లుడనో రాయించాడు. ఇందులో మోసం లేదని నేననను. కానీ ఆనాటి కరీంనగర్ జిల్లాలో పాలేరు పని, పంట లేని చెలక, తీరని అప్పు, ఇవి తప్ప ఇంకో దారి లేనివాడు నెలనెలా జీతం వచ్చే కొలువు కోసం పేరు వదులుకున్నాడంటే, ఆ మనిషిని దొంగ అనడానికి నాకు నోరు రాదు.

పేరు ఎవరిదైనా బొగ్గు టబ్బు నింపిన చేతులు తాతవే. మిషన్లు రాకముందు ఫిల్లర్ల పనంతా తట్టా చెమ్మస్‌తోనే. షాట్‌ఫైరర్ మందు పేల్చి పోతాడు. పొగ పూర్తిగా పోకముందే ఫిల్లర్లు లోపలికి వెళ్లి రాలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను టబ్బులో గుమ్మరించాలి. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలి. టబ్బు తొందరగా దొరక్కపోతే ఖాళీగా కూర్చోవాలి. అందుకే టబ్బుల కోసం జట్ల మధ్య తగాదాలు నడిచేవట. పైకప్పు నుంచి చిన్నగా పెళ్లలు రాలే చప్పుడు వింటే చాలు, చెమ్మస్ అక్కడే పడేసి పరుగెత్తాలని తాత చెప్పేవాడు. దుంగ ఆపు పెట్టి ఉన్నా సరే, ఆ చప్పుడునే నమ్మాలట, దుంగను కాదు.

సింగరేణి చరిత్రలో ఎవరి పేర్లు భద్రంగా ఉన్నాయో, ఎవరివి లేవో ఒకసారి చూడాలి. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ కనుగొన్నది 1871లో. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి 1886లో తవ్వకం హక్కులు దక్కాయి. ఆ కంపెనీ వాటాల అమ్మకాల్లో పెద్ద కుంభకోణం బయటపడితే, బ్రిటిష్ పార్లమెంటు 1888లో సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. నిజాం అధికారి అబ్దుల్ హక్ ఏం చేశాడన్నదీ అందులో చర్చకు వచ్చింది. ఆ నివేదిక అచ్చయి ఉంది, ఇవాళ్టికీ చదవొచ్చు. మరుసటి ఏడాది, 1889లో, ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలుపెట్టిన కూలీల పేర్లు అడిగితే మాత్రం చూపించడానికి అట్లాంటి పుస్తకం లేదు. గుత్తేదారు కింద గుంపుగా వచ్చి, గుంపుగా లెక్కలోకెక్కి, గుంపుగా పోయినవాళ్లు వాళ్లు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం, 1952లో గనుల చట్టం వచ్చి కార్మికుడికంటూ ఒక పేజీ, ఒక నంబరు ఏర్పడ్డాయి. మా తాతలాంటి వాళ్ల విషయంలో ఆ పేజీ మీద పడింది ఇంకొకరి పేరు.

ఇక ఇంట్లో దొరికిన కాగితాల సంగతి. వాటిలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది పింఛను కాగితాలకు అంటించిన ఫొటో. 1998 బొగ్గు గనుల పింఛను పథకానికి భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో ఇవ్వాలి. స్టూడియో తెర ముందు తాత, నానమ్మ పక్కపక్కన నిలబడి ఉన్నారు. తాత చొక్కా పై గుండీ దాకా పెట్టుకున్నాడు. నానమ్మ కొంగు భుజం మీదుగా తెచ్చి గట్టిగా పట్టుకుంది. ఫొటో అంచు మీద సంతకం, ముద్ర. కింద నానమ్మ పేరు సరిగ్గానే ఉంది. భర్త పేరు దగ్గర మాత్రం ఆ ఇంకొకాయన పేరు. ఆయన మాకు దూరపు చుట్టం, నానమ్మకు అన్న వరస అవుతాడు. అన్న అని పిలిచే మనిషికి ఆమె కాగితం మీద భార్య. నానమ్మకు చదువు రాదు. ఎవరో చదివి చెప్పినప్పటి నుంచి ఆ కాగితం తీస్తే మొహం తిప్పుకునేది. "అది నాకు చూపియ్యకు బిడ్డా, ఆయన నాకు అన్న అయితడు" అనేది. తాత పోయిన తర్వాత పింఛను తన పేరు మీదికి మారాలంటే అదే కాగితం పట్టుకుని, ఆయన భార్యనే నేను అని వేలిముద్ర వేయాల్సి వచ్చింది. డబ్బు కూడా ఎంతని? ఆ పథకంలో నిండు సర్వీసు చేసినవాడికే సగటు జీతంలో నాలుగోవంతు, అందులో కొంత భాగం వితంతువుకు. ధరలు పెరిగినట్టు అది పెరగదు.

బడి సర్టిఫికెట్లు ఇంకో చిక్కు. మా బాపు ఖనిలో కంపెనీ బడిలో చదివాడు. అక్కడ తండ్రి పేరు అంటే కంపెనీ పేరే రాయించారు, రేపు ఉద్యోగం కొడుక్కి రావాలంటే అదే ఉండాలని. మా కాక ఊళ్లో తాతమ్మ దగ్గర పెరిగి పంచాయతీ బడిలో చదివాడు. అక్కడ సొంత పేరు పడింది. కాగితాలను బట్టి చూస్తే ఈ అన్నదమ్ములిద్దరూ వేర్వేరు తండ్రుల కొడుకులు. మేనత్త శుభలేఖలో తాత సొంత పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. తేదీ కూడా ఉంది కాబట్టి, ఆ రోజు ఆ మనిషి బతికి ఉన్నాడనీ, ఆమెకు తండ్రి అనీ చెప్పే సాక్ష్యం అదొక్కటే. పసుపు మరకలతో మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కార్డును ఇంట్లో ఎవరూ పారేయకపోవడం మా అదృష్టం.

వీటన్నిటినీ కలిపి కట్టే ప్రయత్నం ఒక నోటరీ అఫిడవిట్. ఫలానా అనే వ్యక్తి, ఫలానా అనే వ్యక్తి, ఇద్దరూ ఒక్కరే అని రాసి ఉన్న స్టాంపు కాగితం. ఖని చౌరస్తా చుట్టుపక్కల ఇట్లాంటివి టైపు చేసి బతికినవాళ్లున్నారు. కానీ ఆ ఇద్దరిలో రెండోవాడు నిజంగానే పక్క ఊళ్లో వేరే మనిషిగా ఆధార్ కార్డుతో బతికి ఉంటే ఆ అఫిడవిట్ ఏం నిలబడుతుంది? పీఎఫ్‌కు, బ్యాంకుకు, రేషన్‌కు అన్నిటికీ ఆధార్ ముడిపడ్డాక పాత సర్దుబాట్లన్నీ బయటపడుతున్నాయి. ఒక పేరుకు ఇద్దరు మనుషులు, ఒక మనిషికి రెండు పేర్లు. ఎవరు నోరు తెరిచినా కేసు అవుతుందన్న భయం. ఆ భయాన్ని అమ్ముకుని పైరవీకారులు బతుకుతున్నారు.

దెబ్బ ఎక్కువగా తగిలేది వారసులకు. 2017లో వారసత్వ ఉద్యోగాలను హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు పోయినా ఊరట దొరకలేదు. ఆ తర్వాత మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు అన్నారు. అక్కడ మొదటి ప్రశ్న: నీ తండ్రి పేరు ఏమిటి? అయ్య ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు, కానీ కొడుకు పదో తరగతి మెమోలో ఉన్నది అయ్య సొంత పేరు. మస్టర్లలో, అంటే హాజరు పట్టీల్లో, ఉన్నది వేరే పేరు. ఫైలు విజిలెన్స్‌కు పోతుంది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఒక్కో ఉద్యోగానికి ఇంత పోటీ ఉన్నచోట, ఫైలు ఆగిన కుటుంబం గురించి ఎవరు ఆగి చూస్తారు?

తాత జీవితాన్ని వెతకడంలో నాకు తెలిసొచ్చినది ఇట్లాంటి ఇళ్లవాళ్లకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. పేరును పట్టుకుని వెతికితే దారి దొరకదు. నంబరును, ఒంటిని పట్టుకోవాలి. పీఎఫ్ నంబరు మారదు. మన ఇంట్లో ఉన్న జీతం చీటీలు, పీఎఫ్ చీటీలు అన్నిటిమీదా ఒకటే నంబరు ఉంటే, అవన్నీ ఒకే మనిషివని తేలుతుంది. జీతం చీటీల్లో మస్టర్ల సంఖ్య, అంటే పనికి వచ్చిన రోజుల లెక్క, ఉంటుంది. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండాయా లేదా అన్నది బదిలీ వర్కర్ బతుకును నిర్ణయించిన లెక్క. తాత చీటీలను వరుసగా పెడితే ఆయన ఏ నెలల్లో బాయికి పోలేదో కనిపిస్తుంది. నాట్ల కాలంలో నాగాలు, మేనత్త పురుడప్పుడు నాగాలు, కాలు విరిగినప్పుడు నెలల తరబడి ఖాళీ. ఇంట్లోవాళ్లు తలోవిధంగా చెప్పిన ఆ ప్రమాదం ఏడాది అట్లానే తేలింది.

ఇక ఒంటి సాక్ష్యం. అప్పట్లో గనుల చట్టం కింద ప్రతి గనిలో ఫారం-బి రిజిస్టరు ఉండాల్సి ఉండేది. కార్మికుడి పేరు, తండ్రి పేరు, వయసు, సొంతూరు, చేరిన తేదీతో పాటు అందులో వేలిముద్రో సంతకమో ఉండేది. అయిదేళ్లకోసారి జరిగిన వైద్య పరీక్ష కాగితంలో గుర్తింపు మచ్చలు, ఎత్తు, ఛాతీ ఎక్స్‌రే వివరాలు ఉండేవి. తాత దగ్గర మిగిలిన ఒక పరీక్ష కాగితంలో ఎడమ కనుబొమ్మ పైన మచ్చ అని రాసి ఉంది. ఆ మచ్చ మా ఇంట్లో అందరం చూసినదే. చిన్నప్పుడు గొడ్లను కాస్తూ చెట్టు మీద నుంచి పడితే అయిందని తాతే చెప్పేవాడు. పేరు అబద్ధమైన ఆ కాగితంలో ఉన్న మనిషి తాతే అనడానికి నాకు ఆ ఒక్క వాక్యం చాలు.

నాకు చాలినది, ఆఫీసులో కూడా చాలేటట్టు చేయడం కష్టమైన పనేమీ కాదు. వేలిముద్ర ఉంది, మచ్చ ఉంది, నంబరు ఉంది, కలిసి పనిచేసిన షిఫ్టువాళ్లు ఉన్నారు. ఉద్యోగం వేరే పేరుతో సంపాదించాడన్నది ఒక ప్రశ్న. ఆ ఉద్యోగం చేసింది ఎవరు, అతని భార్యాబిడ్డలెవరు అన్నది వేరే ప్రశ్న. మొదటిదాని కోసం రెండోదాన్ని ఏళ్లకేళ్లు తొక్కిపెట్టడం అన్యాయం. కేసుల భయం లేకుండా ఒక్కసారి గడువు ఇచ్చి, అసలు పేరు చెప్పుకోనిచ్చి, బతికున్నవాళ్లకే కాదు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు కూడా రికార్డు సరిచేయాలి. పేరు ఇచ్చినాయనకు కూడా ఆ పేరు నుంచి విడుదల దొరకాలి. ఆయనదీ బతుకే.

దీనికి తొందర కూడా ఉంది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది. మూసిన బాయి ఆఫీసులో ఉన్న ఫారం-బి పుస్తకాలు, వైద్య పరీక్ష కాగితాలు పాత సామానుతో పాటు పోకూడదు. వాటిని ఏరియాల వారీగా ఒకచోట చేర్చి, వేలిముద్రలతో సహా స్కాన్ చేయించి, కుటుంబాలు అడిగితే నకలు ఇవ్వాలి. తాతతో పాటు టబ్బులు నింపినవాళ్లలో కొందరు ఖనిలో ఎనిమిదో కాలనీ వైపు ఇంకా ఉన్నారు. ఎవరు ఎవరి పేరుతో చేరారో వాళ్లకు నోటికి వచ్చు. వాళ్ల మాటలను నేను ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ప్రతి ఒక్కరి దగ్గరా ముందుగా సొంత పేరే అడుగుతున్నాను.