ముహూర్తం తేదీని బట్టి వాటా

మహిళా దినోత్సవం సంచికకు బందరు వైపు నుంచి ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. శుక్రవారం రాత్రికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. శాలువాలూ ముగ్గుల పోటీలూ జిల్లా పేజీలవాళ్లు ఎలాగూ చూసుకుంటారు కదా అని నేను రెండు కాగితాలు ముందేసుకు కూర్చున్నాను. ఒకటి, గుడివాడలో గెలిచి ముఖ్యమంత్రి అయిన మనిషి తెచ్చిన చట్టం. రెండోది, ఆ చట్టం ఆడపిల్ల చేతికిచ్చినదాన్ని చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకునే దస్తావేజు. మొదటిదాన్ని సభల్లో అందరూ తలుచుకుంటారు. రెండోది బీరువాల్లో ఉంటుంది.

నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1983లో గుడివాడ నుంచి గెలిచారు, 1985లోనూ గెలిచారు. హిందూ వారసత్వ చట్టానికి ఆయన ప్రభుత్వం తెచ్చిన సవరణ 1986లో 13వ చట్టంగా వచ్చింది. అమలు మాత్రం 1985 సెప్టెంబరు 5 నుంచి. కొత్తగా చేర్చిన 29-ఎ సెక్షన్ ప్రకారం ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కొడుకుకు ఉన్నట్టే కూతురికీ పుట్టుకతోనే వాటా ఉంటుంది. దేశమంతటికీ ఈ మాట చెప్పడానికి పార్లమెంటుకు మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే, నేనూ మెచ్చుకుంటాను.

అయితే అదే సెక్షన్‌లో నాలుగో నిబంధన ఒకటుంది. చట్టం అమల్లోకి వచ్చే నాటికే పెళ్లయిపోయిన కూతురికి ఈ వాటా వర్తించదు. అప్పటికే పంపకాలు అయిపోయిన ఆస్తికీ వర్తించదు. గుడివాడ పక్క పల్లెలో ఒక ఇంట్లో ఒక అన్న, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారనుకోండి. అక్క పెళ్లి 1985 వైశాఖంలో, చెల్లెలి పెళ్లి 1986 మాఘంలో. ఒకే తండ్రి, ఒకే పొలం. చెల్లెలికి అన్నతో సమానంగా వాటా వస్తుంది, అక్కకు రాదు. ముహూర్తం పెట్టిన పురోహితుడికి ఆనాడు ఈ సంగతి తెలిసే వీల్లేదు. చట్టం తెచ్చిన ముఖ్యమంత్రి కూతురు భువనేశ్వరి పెళ్లి 1981లోనే అయింది. ఆ లెక్కన ఆవిడా అక్కల జాబితాలోనే ఉంటారు.

పంపకం లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం, ఎందుకంటే అందులో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఒకటుంది. ఆరెకరాల పిత్రార్జితం, తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. 1956 వారసత్వ చట్టం కింద వీలునామా రాయకుండా తండ్రి పోతే, ముందు తండ్రీకొడుకులకు చెరి మూడెకరాలు. మన వైపు సంప్రదాయంలో ఆ పంపకంలో భార్యకు వాటా లేదు. తండ్రి మూడెకరాలు మళ్లీ మూడు వాటాలు. కొడుక్కి మొత్తం నాలుగు, కూతురికి ఒకటి, తల్లికి ఒకటి. 1986 చట్టం కింద తండ్రి, కొడుకు, కూతురు తలా రెండెకరాలు. తండ్రి రెండెకరాలు ముగ్గురికీ. కొడుక్కీ కూతురికీ రెండెకరాల అరవయ్యారు సెంట్లు చొప్పున వస్తాయి. తల్లి వాటా ఎకరం నుంచి అరవయ్యారు సెంట్లకు దిగింది. కూతురికి పెరిగింది ఎక్కువగా కొడుకు వాటాలోంచే, కానీ కొంచెం అమ్మ వాటాలోంచి కూడా. సమానత్వం పేరుతో వచ్చిన సవరణలో ముసలమ్మ నష్టపోవడం ఎవరి దృష్టికైనా వచ్చిందో లేదో.

సరే, రెండో కాగితం. బందరు, గుడివాడ, అవనిగడ్డ, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరైనా దస్తావేజు లేఖర్ల బల్లలుంటాయి. హక్కు విడుదల దస్తావేజు అడిగితే నమూనా సిద్ధంగా ఉంటుంది. పేర్లూ సర్వే నంబర్లూ మార్చుకోవడమే. చదివి చూడండి. షెడ్యూలులో తూర్పున పంట బోదె, పడమర ఫలానావారి గట్టు, ఉత్తరం, దక్షిణం, ఎకరాలు, సెంట్లు అన్నీ వివరంగా ఉంటాయి. ఆమెకు ముట్టిందేమిటనే చోటికి వచ్చేసరికి, పెళ్లినాడు పసుపు కుంకుమల కింద తగినంత ఇచ్చారు అన్న ధోరణిలో ఒక వాక్యంతో సరి. పొలానికి సెంటు లెక్క ఉంది గానీ ఆ తగినంతకు అంకె లేదు. ఆ తర్వాత, ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నానన్న మాట. ఆడపడుచు ఆటో దిగకముందే ఆ ఇష్టం టైపు చేసి ఉంటుంది.

పెళ్లికి లక్షలు పోశాం, ఇంకా పొలం కూడానా అంటారు అన్నదమ్ములు. పోశారు, కాదనను. కానీ పోసింది ఎవరి చేతిలో? మామగారి చేతిలో. దాన్ని కట్నమని దస్తావేజులో రాస్తే 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇచ్చినవాళ్లదీ పుచ్చుకున్నవాళ్లదీ కూడా నేరమే, అందుకని కాగితం మీద అది పసుపు కుంకుమ అయి కూర్చుంటుంది.

మరి ఆమె ఎందుకు సంతకం పెడుతుంది? తెలియక అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. పురుటికి పుట్టింటికి రావాలి. రేపు కూతురి పెళ్లిలో మేనమామ బట్టలు పెట్టాలి. అత్తింట్లో మాటామాటా వస్తే వెనక నిలబడాల్సింది ఆ అన్నదమ్ములే. వాటా అడిగిన రోజు నుంచి ఆ గడప తొక్కడం కష్టం. కాబట్టి ఆమె సంతకాన్ని అమాయకత్వంగా చూడను. ఆమె పొలం ఇచ్చి పుట్టిల్లు కొనుక్కుంటోంది. ఆ బేరంలో ధర ఆమె చేతిలో లేదు, అంతే.

పసుపు కుంకుమకు ఇంకో ముఖం కూడా ఉంది. డెల్టాలో పెళ్లినాడు కూతురికి ఎకరమో అరెకరమో నోటి మాటతో ఇవ్వడం పాత ఆనవాయితీ. కూతురికి ముందే ఉన్న హక్కుకు బదులుగా ఇచ్చేది కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. తీర్పు బాగానే ఉంది. కానీ నోటి మాటకు గట్టు కావాలి. కొల్లేటి వైపు, కైకలూరు, ముదినేపల్లి చుట్టుపక్కల, వరి చేలు కలిపి చేపల చెరువులు తవ్వినప్పుడు ముందు పోయేవి గట్లే. పది మంది పొలాలు ఒకే చెరువులో కలిశాక ఆడపడుచు ఎకరం నీళ్ల కింద ఎక్కడుందో చూపించలేరు. ఏటా చేతికొచ్చే లీజు డబ్బే ఆమె పొలం. ఆ డబ్బు అన్నయ్య చేతుల మీదుగా వస్తే, ఎన్నేళ్లు వస్తుందన్నది అన్నయ్య మంచితనం మీద, ఆ తర్వాత వదిన మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర కూడా ఉండాలన్నారు సంపాదకులు, స్థలం తక్కువ. పెనుగంచిప్రోలులో పుట్టిన బండారు అచ్చమాంబ 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1937 చట్టం వితంతువుకు ఆస్తిలో పరిమితమైన హక్కు ఇచ్చింది. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగక 1951లో అంబేడ్కర్ మంత్రి పదవి వదులుకున్నారు. 1956లో వారసత్వ చట్టం వచ్చింది.

తులసమ్మ కేసు

నెల్లూరు జిల్లా వితంతువు తులసమ్మ. భర్త 1931లో పోయాడు. ఆయన సవతి సోదరుడిపై మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. రాజీలో కొంత ఆస్తి వచ్చింది, బతికున్నంతకాలం అనుభవించవచ్చు గానీ అమ్మకూడదనే షరతు మీద. ఆమె అమ్మింది. మనోవర్తి అన్నది ముందే ఉన్న హక్కు, దానికి బదులు వచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణంగా చెందుతుందని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ స్త్రీల ఆస్తి కేసుల్లో నేటికీ ఉదహరించే తీర్పు ఇది.

సంతకానికి ముందు

2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లో ఉన్న కేంద్ర సవరణలో పెళ్లి తేదీ అడ్డం లేదు. 1985 నాటి అక్కకూ వాటా ఉంది, 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు అయిపోకపోతే. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి స్వార్జితాన్ని మాత్రం వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు. పిత్రార్జితంలో తన వాటానూ అంతే. ఈ వెసులుబాటు సంగతి అన్నదమ్ములకు బాగా తెలుసు. మోసం చేసి సంతకం పెట్టించుకున్నారని దస్తావేజు రద్దు చేయమని అడగాలంటే, విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.