దగ్గులో నెత్తురు: ఊపిరితిత్తి, పుప్పుస ధమని జన్మలోపాలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

దగ్గినప్పుడు కఫంతోపాటు నెత్తురు పడడాన్ని వైద్యపరిభాషలో హిమోప్టిసిస్ అంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలోనూ, దేశంలో మరెక్కడైనా, ఈ లక్షణం కనబడగానే ముందుగా స్ఫురించేది క్షయ. దేశంలో ఆ వ్యాధి వ్యాప్తిని బట్టి ఈ అనుమానం సహేతుకమే. ఆళ్లగడ్డలో శిల్పకళ తరతరాల వృత్తి. రాతిధూళిలోని సిలికా దీర్ఘకాలం లోపలికి చేరితే సిలికోసిస్ రావచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. అయితే కఫపరీక్షలలో క్షయక్రిమి కనబడకపోయినా నెత్తురు పదేపదే పడుతుంటే, అరుదుగా పుట్టుకతో వచ్చిన నిర్మాణలోపం అందుకు కారణం కావచ్చు. అటువంటి లోపాల స్వభావాన్ని, వాటిని గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

రెండు రక్తమార్గాలు

ఊపిరితిత్తులకు రక్తం రెండు మార్గాలలో చేరుతుంది. గుండె కుడి జఠరిక నుండి వెలువడే పుప్పుస ధమని ప్రాణవాయువు తగ్గిన రక్తాన్ని తెస్తుంది. ఇందులో గరిష్ఠ పీడనం సుమారు 25 మి.మీ. మాత్రమే. బృహద్ధమని వైపు నుండి వచ్చే శ్వాసనాళ ధమనులు శ్వాసనాళాలను పోషిస్తాయి. వీటికి మూలమైన బృహద్ధమనిలో పీడనం సుమారు 120 మి.మీ. తీవ్రంగా నెత్తురు పడే సందర్భాలలో దాదాపు 90 శాతం ఈ రెండవ మార్గానికి చెందినవే.

ఒక వైపు ధమని లేకపోవడం

ఒక వైపు పుప్పుస ధమని ఏర్పడని స్థితిని 1868లో ఫ్రెంట్‌జెల్ తొలిసారి వర్ణించాడు. గుండెలోపాలు లేకుండా ఇది ఒక్కటే కనబడడం సుమారు 2 లక్షల మందిలో ఒకరికి అని అంచనా. పిండదశలో ఆరవ ధమనీచాపపు మొదటి భాగం క్షీణించడం దీనికి మూలం. పుట్టిన తరువాత ధమనీనాళం మూసుకుపోవడంతో ఆ వైపు ఊపిరితిత్తికి పుప్పుస రక్తం అందదు. అప్పుడు శ్వాసనాళ ధమనులు, పక్కటెముకల మధ్య ధమనులు ఉబ్బి, కొత్త శాఖలుగా విస్తరించి ఆ లోటును పూరిస్తాయి. అధిక పీడనానికి గురైన ఈ శాఖలు ఏళ్ల తరబడి నిలిచి, ఎప్పుడో ఒకప్పుడు చిట్లవచ్చు. అందుకే బాల్యంలో మౌనంగా ఉన్న లోపం యౌవనంలో నెత్తురుగా బయటపడవచ్చు. సుమారు 20 శాతం రోగులలో ఈ లక్షణం కనబడుతుంది.

ఇతర లోపాలు

కొందరిలో ఊపిరితిత్తిలోని ఒక భాగం శ్వాసనాళాలతో సహజమైన సంబంధం లేకుండా, నేరుగా బృహద్ధమని నుండి రక్తం పొందుతుంది. దీనిని సీక్వెస్ట్రేషన్ అంటారు. ఒకేచోట పదేపదే న్యుమోనియా రావడం దీని సూచన. మరికొందరిలో పుప్పుస ధమని కేశనాళికల ప్రమేయం లేకుండా నేరుగా సిరతో కలుస్తుంది. ఇటువంటివారిలో చాలామందికి వంశపారంపర్యమైన రక్తనాళ వ్యాధి ఉంటుంది కనుక, కుటుంబంలో తరచుగా ముక్కునుండి రక్తం కారే చరిత్రను అడగడం అవసరం. వడపోత లేని ఈ దారిన రక్తపు గడ్డలు మెదడుకు చేరి పక్షవాతానికి దారితీయవచ్చు.

గుర్తింపు, చికిత్స

ధమని లేని వైపు ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చిన్నదిగా, గుండె ఆ వైపుకు జరిగి కనబడుతుంది. క్షయ వల్ల కుంచించుకుపోయిన ఊపిరితిత్తి కూడా ఇలాగే కనబడవచ్చు. అసలు పొరపాటుకు తావిచ్చేది ఈ పోలికే. క్రిమి నిర్ధారణ లేకుండానే క్షయ మందులు మళ్లీ మళ్లీ వాడితే అసలు కారణం మరుగునపడిపోతుంది. రంగుద్రవం ఎక్కించి తీసే సీటీ ఆంజియోగ్రామ్ ధమనుల స్థితిని స్పష్టం చేస్తుంది.

ధమని లేని లోపంలో చిట్లే శాఖలను లోపలినుండి మూసే ఎంబొలైజేషన్ రక్తస్రావాన్ని ఆపగలదు. అయితే కొత్త శాఖలు పుట్టి మళ్లీ నెత్తురు పడవచ్చు. అప్పుడు ఊపిరితిత్తిని తొలగించే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. శైశవంలోనే గుర్తిస్తే కొందరిలో ధమనిని తిరిగి కలిపే వీలుంటుంది. ధమని, సిర నేరుగా కలిసే లోపంలో మూయవలసినది శ్వాసనాళ ధమనిని కాదు, పుప్పుస ధమని శాఖను. కాబట్టి నెత్తురు ఏ మార్గం నుండి వస్తున్నదో తేల్చడం చికిత్సకు పునాది.

ముగింపు

నంద్యాల 2022లో జిల్లాకేంద్రమైంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. ఇటువంటి బోధనాస్థలాలలో విద్యార్థికి నేర్పవలసిన క్రమం సరళమైనదే: ముందు క్షయను పరీక్షించాలి, రుజువు కాకపోతే ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పరిమాణాన్ని, వాటి మూలంలోని ధమనుల నీడను పోల్చి చూడాలి. క్షయ రుజువైన రోగి మాత్రం ఇతర అనుమానాలతో మందులను స్వయంగా మానరాదు. అరుదైన వ్యాధి అన్న కారణంతో దానిని పరిగణనలోకే తీసుకోకపోతే, పట్టుబడే అవకాశమున్న లోపం కూడా పట్టుబడదు.