గూడబాతు, పచ్చపురుగు, మానవుడు

ఆహారము, నిద్ర, భయము, సంతానము పశువునకును మనుష్యునకును సమానములే యనియు, ధర్మమొక్కటియే మనుష్యుని వేరుచేయుననియు మన నీతికారులు ఎంతకాలమునుండియో చెప్పుచున్నారు. మనమా మాటను సగము విని, సగము విడిచి, "కావున మనుష్యుడే మిన్న" యను తీర్పును మనకు మనమే వ్రాసికొని నిశ్చింతగా నున్నాము. వాదియు, సాక్షియు, న్యాయాధిపతియు తానేయైన యీ వ్యాజ్యమును మరల విచారింపదలచినవారు దూరదేశములకు పోనక్కరలేదు. గుంటూరునకు ఆమడలోపున, విజయవాడ బాటమీద, మల్లేశ్వరస్వామి కోవెలతో ప్రసిద్ధికెక్కిన పెదకాకాని యున్నది. దాని చుట్టుపట్ల ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి చేలును, ఆ మండలములోనే యున్న ఉప్పలపాటి చెరువును ఈ విచారణకు చాలును.

ముందుగా చేలలోనికి పోదము. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు పేరు వినని రైతుకుటుంబము లేదు. తల్లిపురుగు రాత్రివేళ వచ్చి లేతచిగుళ్ళమీదను మొగ్గలమీదను ఒక్కొక్కటిగా వందలకొలది గ్రుడ్లను పెట్టిపోవును. కొలది దినములకే వెలువడిన పిల్లపురుగు మొదట ఆకును గోకుచు, పెరిగినకొలది పూతను, గూడను, కాయను తొలిచి, తల కాయలోపలను మొండెము వెలుపలను ఉండగా తినుచుండును. బాగుగా మేసిన తరువాత నేలలోనికి దిగి, అచ్చట రూపుమార్చుకొని, రెక్కలతో పైకివచ్చి మరల గ్రుడ్లుపెట్టును. ఇదంతయు నెల, నెలా పదిదినములలో ముగియును. మనకొక తరము గడచులోపల దానికి రమారమి రెండువందల తరములు గడచునని లెక్కవేసికొన్న పక్షమున, ఈ పోరాటములో మన ప్రత్యర్థి బల మెక్కడనున్నదో తెలియును.

1980 ప్రాంతమున సింథటిక్ పైరిథ్రాయిడు మందులు వచ్చినవి. మొదట అవి చల్లిన చేలలో పురుగు రాలిపోవుటచూచి, రైతు మొదలుకొని మందుల వ్యాపారి వరకు అందరును పురుగుపీడ విరగడయైనదనియే తలచిరి. అంతలో 1984-85లో తెల్లదోమ పుట్టలుగా పుట్టి గుంటూరుసీమ ప్రత్తిని పాడుచేసినది. ఏలయన మందు పురుగునేకాక, దోమను తిని అదుపులోనుంచు అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగులను, సాలీళ్ళను గూడ చంపినది. ఆ వెనుక 1987-88 నాటికి శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడులకు లొంగకపోయెను. ఒకమందు పనిచేయదని రెండుమందులు కలిపి, రెండు చాలవని మూడు కలిపి, పది దినములకొకసారి చల్లువారు మూడు దినములకొకసారి చల్లి, అప్పుమీద అప్పుచేసి, చివరకు గుల్లకాయలు మిగిలిన చేలగట్ల నిలిచిన రైతులలో ఎందరో, పురుగును చంపలేకపోయిన ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఆ మరణములను తలచుకొన్నప్పుడెల్ల, మానవుని మేధాశక్తినిగూర్చి మనము చేయు ప్రశంసలన్నియు గొంతులోనే నిలిచిపోవును.

పురుగు ఏమి యోచించినది? ఏమియు యోచింపలేదు. కోట్లకొలది పురుగులలో ఏ కొన్నింటికో విషమును విరుగగొట్టు గుణము పుట్టుకతోనే యుండును. మందు తక్కినవానిని తుడిచివేసి, ఈ కొన్నింటిని మాత్రము పిల్లలు పెట్టుటకు మిగిల్చెను. మరికొన్ని తరములకు చేనంతయు వీని సంతతియే. తరువాత 2002లో నేలలోని ఒక సూక్ష్మజీవినుండి గ్రహించిన జన్యువుతో బి.టి. ప్రత్తి వచ్చినది. శనగపచ్చ పురుగు తగ్గినది. కాని ప్రత్తికాయను తొలుచు మరియొక పురుగైన గులాబీరంగు పురుగు పదునైదేండ్లలోపలనే దానికిని అలవాటుపడినది. చేనిచుట్టు కొన్ని సాళ్ళు సాధారణ ప్రత్తి వేసిన యెడల లొంగెడు పురుగులు కొన్ని బ్రదికియుండి, లొంగని వానితో కలిసి, ఆ గుణమును పలుచన చేయునని శాస్త్రజ్ఞులు ముందే చెప్పిరి. దానికై విత్తుల పెట్టెతో వేరొక పొట్లమునుగూడ ఇచ్చిరి. ఆ పొట్లమును విప్పి నాటినవారు అరుదు. 2021లో మిరపతోటలమీద నల్ల తామర పురుగు దిగి, పూలలో దూరి రసముపీల్చినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు మరల అదే యాతన ననుభవించిరి.

ఇచ్చట పాఠకుడు నిలిచి ఆలోచింపవలసిన విషయ మొకటున్నది. డి.డి.టి. అను పురుగుమందునకు ఇంటి ఈగలు లొంగకపోవుట యూరపులో 1940ల చివరనే కనబడినది. అనగా ఏ మందైనను పదేపదే చల్లిన లొంగని పురుగును మనమే పెంచినట్లగునని, మన చేలలో పైరిథ్రాయిడు చుక్క పడుటకు మూడు దశాబ్దముల ముందే మానవజాతికి తెలియును. తెలిసియు చేసితిమి. పురుగునకు రేపన్నది తెలియదు, మనకు తెలియును. మనుష్యునకు నిజముగా ప్రత్యేకమైన శక్తి ఏదైన ఉన్నచో అది తన చేత యొక్క ఫలమును ముందుగా చూచి, చేతనున్న బలమును వాడక నిగ్రహించుకొనగల శక్తియే యని నా నమ్మకము. అట్లు నిగ్రహించుకొన్నంతసేపే అతడు మిన్న. తక్కిన సమయములలో అతడు చాల బలముగల ఒక జంతువు మాత్రమే.

తక్కిన ఆధిక్యకారణములని మనము లెక్కపెట్టుకొన్నవి ఒక్కొక్కటిగా జారిపోయినవి. జంతువులు కేవలము యంత్రములని 17వ శతాబ్దమున తత్త్వవేత్త డెకార్టు వాదించెను. ఉన్నత జంతువుల మనస్సునకును మన మనస్సునకును గల తేడా హెచ్చుతగ్గుల తేడాయే గాని జాతిభేదము కాదని 1871లో డార్విను వ్రాసెను. పనిముట్టు చేయువాడు మనుష్యుడొక్కడే యనుకొనుచుండగా, 1960లో ఆఫ్రికాలోని గోంబే యడవిలో ఒక చింపాంజీ పుల్లకు ఆకులు దూసి, చెదపుట్ట బెజ్జములో పెట్టి, దానిని కరచుకొన్న చెదపురుగులను తీసి తినుట జేన్ గుడాల్ కన్నులార చూచెను. తేనెటీగ తాను కనుగొన్న పూలతోట ఏ దిక్కున ఎంత దూరమున నున్నదో నృత్యముచేసి తోడివారికి తెలుపునని నిరూపించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇక బలమును, వేగమును, చూపును, ఘ్రాణమును గూర్చి చెప్పనక్కరలేదు.

మానవత్వమే యొక పదవియని భావించువారికి ఈ గుంటూరుసీమయే మరియొక ప్రశ్న వేసినది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 1941లో గబ్బిలము అను కావ్యమును ప్రకటించెను. అందు అస్పృశ్యుడని వెలివేయబడిన పేదవాడొకడు తన గోడును శివునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. ఎందుకనగా మనుష్యుడైన తనకు మూయబడిన గుడితలుపు గబ్బిలమునకు తెరచియే యున్నది. అది గర్భాలయపు కప్పునుండి తలక్రిందులుగా వ్రేలాడినను పొమ్మనువాడు లేడు. తోడిమనుష్యుని జంతువు కంటె తక్కువ చేయగల జాతి సృష్టిలో మనదొక్కటియే. ఏ కాకియు మరియొక కాకిని పుట్టుకనుబట్టి చెట్టు దిగిపొమ్మనుట ఎవరును చూడలేదు. నీతికారులు చెప్పిన ధర్మ మీ విషయమున ఎక్కడికి పోయెనో, ఆధిక్యమును గూర్చి ఉపన్యసించువారు ముందుగా చెప్పవలెను.

ఇక ఉప్పలపాడు. ఊరినంటియే యున్న చెరువులో, నీటి నడుమ పెరిగిన తుమ్మచెట్లమీద, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వేలకొలదిగా గూళ్ళు కట్టుకొని పిల్లలను లేపుచున్నవి. గట్టుమీద నిలిచి చూచిన గూళ్ళలో జరుగు సంసారమంతయు కంటికి కనబడును. గూడబాతు పిల్లకు ఆకలియైనప్పుడు తల్లి నోరు తెరువగా, పిల్ల తన తలను, మెడను, భుజములవరకును ఆ గొంతుసంచిలోనికి దూర్చి, లోపలనున్న చేపలను అందుకొనును. కొంతసేపు పిల్ల తలయే కనబడక, తల్లి గొంతు మాత్రము కదలుచుండును. ఎండ ముదిరినప్పుడు ఎర్రకాళ్ళ కొంగ సూర్యునకు వీపొగ్గి, రెక్కలు విప్పి, ఈకలు రాని పిల్లలకు నీడపట్టును. ఆ పక్షియే మేతకు పోయినప్పుడు మోకాలిలోతు నీటిలో ముక్కు సగము తెరచి ముంచి, కాలితో బురద కలచుచు నడచును. చేప తగిలిన తక్షణమే ముక్కు మూతపడును. దానికి చేపను చూడవలసిన పనిలేదు, స్పర్శయే చాలును.

ఈ గూడబాతు భారతదేశము, శ్రీలంక, కంబోడియా వంటి కొలది దేశములలో మాత్రమే పిల్లలను లేపు పక్షి. కొల్లేటికి సమీపమున ఆరేడు అను ఊరిలో వీని మహా స్థావర మొకటి యుండెను. 1940ల చివర దానిని పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ వర్ణించెను. 1970 దశకమునాటికి ఆ స్థావరము పాడుపడినది. పక్షి యొక్కటే, కృష్ణా గోదావరుల నేల యొక్కటే. ఒక యూరిలో ఆ జాతి ఉండి మాయమైపోగా, మరియొక యూరిలో నిలిచి పిల్లాపాపలతో వర్ధిల్లుచున్నది. ఉప్పలపాటివారు చెరువులోని చెట్లను వంటచెరకునకు నరుకవచ్చును, నరుకుట లేదు. గ్రుడ్లకో మాంసమునకో ఆశపడవచ్చును, పడుట లేదు. రెట్టల కంపును, రేయింబవళ్ళ కలకలమును సహించి, ఊరి చెరువును పక్షులకు విడిచిపెట్టిరి. తరువాత అటవీశాఖవారును తోడైరి. కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలమీద అశోకుడు మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసితినని చెక్కించినది చక్రవర్తి శాసనము. ఉప్పలపాటి కట్టుబాటునకు శిలయు లేదు, శాసనమును లేదు. పైన నేను చెప్పిన నిగ్రహము పుస్తకములలోనిది కాదనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

అయినను ఊరి కట్టుబాటు చెరువుగట్టు దాటిపోదు, పక్షి దాటిపోవును. గూడబాతుల మేత చుట్టుపట్ల చెరువులలోను, కాలువలలోను, కుంటలలోను ఉన్నది. మిరప, ప్రత్తి చేలనుండి వానకు కొట్టుకొనివచ్చు మందులు చేరునదియు ఆ నీటిలోనికే. నీటిలో చేరిన విషము పక్షికి ఎట్లు తగులునో అమెరికావారు గొప్ప నష్టము పొంది తెలిసికొనిరి. అచ్చటి గోధుమరంగు గూడబాతులు డి.డి.టి. చేరిన చేపలు తినగా వాని గ్రుడ్ల పెంకు పలుచబడి, పొదుగుటకు కూర్చున్న తల్లి బరువునకే పగిలిపోయెను. 1970లో కాలిఫోర్నియా తీరమునందలి అనకాపా దీవిలో వందలకొలది గూళ్ళు కట్టగా ఒకే పిల్ల బ్రదికినది. పురుగుమందుల కీడునుగూర్చి రేచెల్ కార్సన్ 1962లోనే చేసిన హెచ్చరిక క్రమక్రమముగా చెవికెక్కి, ఆ దేశము 1972లో డి.డి.టి. వాడుకను మాన్పించెను, 2009 నాటికి ఆ పక్షి అపాయమునుండి బయటపడినదని ప్రకటించిరి. మన దేశములో సేద్యమునకు డి.డి.టి. వాడుక 1989లో నిలిచినది. దాని స్థానమున వేరు మందులు వచ్చినవి.

పురుగునకు మన ప్రత్తిని అప్పగించి ఊరకుండుమని నేననుట లేదు. చేనుగల సంసారికి బిడ్డల కూడు ముందు. గుంటూరు ప్రక్కననే లాం ఫారములో 1922 నుండి పరిశోధన జరుగుచున్నది. మందుకు ముందు చేయవలసిన పనులు పెక్కులు వ్యవసాయశాఖవారు చెప్పుచునే యున్నారు: లింగాకర్షక బుట్టలు పెట్టి తల్లిపురుగుల రాకను కనిపెట్టుట, గట్లవెంట బంతియు ఆముదమును ఎరపంటలుగా వేయుట, చేనిలో అడ్డుకర్ర కట్టిన గుంజలు పాతి పురుగును ఏరితిను పిట్టలకు స్థావర మేర్పరచుట, మొక్కలమీది పురుగులనెంచి నష్టపరిమితి దాటినప్పుడే మందు ముట్టుట. ఇవి చేయుటకు ఓపిక కావలెను, ప్రక్కచేనివాడు చల్లుచున్నప్పుడు తాను ఆగగల ధైర్యము కావలెను. ఉప్పలపాటివారు చెరువువరకు చూపిన ఆ ఓర్పును, ఆ చెరువు పక్షులు మేతకు తిరుగు కాలువల వెంబడి సేద్యముచేయు ఊళ్ళన్నియు తమ తమ చేలలో చూపగలవా యనునదే ఇప్పుడు పెదకాకాని చుట్టుపట్ల తేలవలసిన ప్రశ్న. దానికి సమాధాన మీ పంటకాలముననే, ప్రతి చేనిగట్టుమీదను, రైతును, మందుల దుకాణమును, వ్యవసాయశాఖయు కలిసి చెప్పవలసియున్నది.