ఉద్వాసన వెనుక అసలు కారణమేది? ప్రజావేగుల ‘కక్షసాధింపు’ ఫిర్యాదుల్లో చట్టం చూసేదేమిటి

న్యూఢిల్లీ: ఉద్యోగిని తొలగించిన సంస్థ ఒక కారణం చెబుతుంది. పనితీరు బాగాలేదనో, క్రమశిక్షణ తప్పారనో, ఆ పోస్టే రద్దయిందనో తొలగింపు లేఖలో రాస్తుంది. ఉద్యోగి చెప్పే కారణం వేరు. సంస్థలో జరుగుతున్న తప్పును ప్రశ్నించినందుకే తనపై వేటు వేశారన్నది ఆయన వాదన. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం కార్మిక న్యాయస్థానాలకూ, నియంత్రణ సంస్థలకూ ఎదురయ్యే క్లిష్టమైన ప్రశ్నల్లో ఒకటి. జవాబు ఎటు మొగ్గుతుందన్నది చాలావరకు ఒక్క విషయంపైనే ఆధారపడి ఉంటుంది: నిరూపించాల్సిన భారం ఎవరిది?

‘విజిల్‌బ్లోయర్’ అన్న ఆంగ్ల పదానికి తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అన్న మాటను వాడుకలోకి తెచ్చాయి. ‘వేగు’ అంటే గూఢచారి. ప్రజల పక్షాన సమాచారం చేరవేసేవాడన్న గౌరవం ఆ సమాసంలో ఉన్నా, లోపలి గుట్టు బయటపెట్టేవాడన్న అనుమానపు ఛాయ కూడా అందులోనే ఉంది. యాజమాన్యాలు ఇలాంటి ఉద్యోగిని చూసే తీరులోనూ, న్యాయస్థానాల్లో జరిగే వాదనల్లోనూ ఈ రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలుస్తాయి.

అభిప్రాయభేదమా, అక్రమాల వెల్లడా?

సంస్థ విధానంతో ఏకీభవించకపోవడం వేరు, ఆ విధానం చట్టాన్ని ఉల్లంఘిస్తోందని తెలియజేయడం వేరు. పని వేళల మార్పు, బదిలీలు, ఇంటి నుంచి పని వంటి అంశాలపై ఉద్యోగి ఎంత గట్టిగా విభేదించినా, అది సాధారణంగా సేవా నిబంధనల వివాదంగానే మిగులుతుంది. లెక్కల్లో మోసం, భద్రతా ప్రమాణాల ఉల్లంఘన, లంచం, ప్రజాధన దుర్వినియోగం వంటివాటిని అధికారికంగా తెలియజేసినప్పుడే ప్రజావేగు రక్షణ ప్రశ్న తలెత్తుతుంది. చాలా ఫిర్యాదులు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. తన అసంతృప్తిని చెప్పుకున్న ఉద్యోగి ఏ నిబంధన ఉల్లంఘన జరిగిందో స్పష్టంగా రాయకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

ఎవరికి చెప్పారన్నదీ అంతే కీలకం. గుజరాత్‌లోని కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రంలో 1994 జూన్‌లో వరద నీరు చేరింది. అక్కడి ఉద్యోగి ఒకరు భద్రతా లోపాలను ఆరోపిస్తూ ఒక దినపత్రికకు లేఖ రాశారు. శాఖాపరమైన విచారణ అనంతరం ఆయనను ఉద్యోగం నుంచి తొలగించారు. తనను ప్రజావేగుగా పరిగణించాలన్న ఆయన వాదనను సుప్రీంకోర్టు 2013లో అంగీకరించలేదు. సమాచారం వెల్లడించిన ప్రతి వ్యక్తీ ప్రజావేగు కాజాలడని, ప్రజాహితమే ప్రధాన ఉద్దేశమై ఉండాలని ధర్మాసనం అభిప్రాయపడింది. అంటే వెల్లడించిన విషయంతో పాటు వెల్లడించిన మార్గాన్నీ, ఉద్దేశాన్నీ న్యాయస్థానం తూకం వేసింది.

ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్న రక్షణ

జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఇంజినీరు సత్యేంద్ర దూబే, స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాలపై 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచాలని కోరారు. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురయ్యారు. ఈ ఉదంతంపై దేశవ్యాప్తంగా ఆందోళన వ్యక్తమైన నేపథ్యంలో 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం జారీ చేసింది. కేంద్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదులు స్వీకరించి, ఫిర్యాదుదారు వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

తీర్మానానికి చట్టబద్ధత కల్పించేందుకు పార్లమెంటు ప్రజావేగుల రక్షణ చట్టాన్ని ఆమోదించింది. 2014 మే నెలలో దానికి రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది. ఈ చట్టంలోని 11వ సెక్షన్ ప్రత్యేకంగా గమనించదగినది. ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై చర్య తీసుకుంటే, అది వేధింపు కాదని నిరూపించుకోవాల్సిన భారాన్ని అది ప్రభుత్వ సంస్థపైనే పెట్టింది. ఉద్యోగిని తిరిగి పూర్వస్థితిలో నిలపాలని ఆదేశించే అధికారాన్ని సాధికార సంస్థకు ఇచ్చింది. అయితే చట్టం అమలులోకి వచ్చే తేదీని కేంద్రం నోటిఫై చేయాల్సి ఉండగా, ఆ నోటిఫికేషన్ వెలువడలేదు. 2015లో లోక్‌సభ ఆమోదించిన సవరణ బిల్లు రాజ్యసభలో ముందుకు కదలక, 2019లో సభ కాలపరిమితి ముగియడంతో మురిగిపోయింది. ఉద్యోగికి అత్యంత అవసరమైన నిబంధన చట్ట గ్రంథంలో ఉన్నా ఆచరణలో లేదు.

ప్రైవేటు రంగంలో ఎంత భరోసా?

పై చట్టం పరిధి ప్రభుత్వోద్యోగుల అవినీతి, అధికార దుర్వినియోగాలకే పరిమితం. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ప్రధాన ఆధారం, హైదరాబాద్ కేంద్రంగా వెలుగుచూసిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం తర్వాత రూపుదిద్దుకున్న 2013 కంపెనీల చట్టం. దాని 177వ సెక్షన్ ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు స్వీకరించే కంపెనీలు, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి రూ.50 కోట్లకు మించి రుణం తీసుకున్న కంపెనీలు ఉద్యోగుల ఫిర్యాదులకు ప్రత్యేక యంత్రాంగం ఏర్పాటు చేయాలి. ఫిర్యాదుదారును వేధింపుల నుంచి కాపాడే ఏర్పాట్లు అందులో ఉండాలి. తగిన సందర్భాల్లో ఆడిట్ కమిటీ అధ్యక్షుడిని నేరుగా సంప్రదించే వీలు కల్పించాలి.

నిబంధన ఉల్లంఘిస్తే కంపెనీకి రూ.5 లక్షలు, బాధ్యులైన అధికారులకు రూ.1 లక్ష చొప్పున జరిమానా ఉంటుంది. ఉద్యోగం కోల్పోయిన వ్యక్తికి తిరిగి ఆ కొలువు ఇప్పించే మార్గాన్ని మాత్రం ఆ సెక్షన్ చూపలేదు. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌పై సమాచారమిచ్చే వారికి సెబీ 2019 డిసెంబరు నుంచి కొంత మెరుగైన రక్షణ కల్పించింది. సమాచారమిచ్చారన్న కారణంతో తొలగించడం, హోదా తగ్గించడం, సస్పెండ్ చేయడం, బెదిరించడం నిషిద్ధమని నిబంధనల్లో పేర్కొంది. అయితే ఇది షేర్ల వ్యాపారానికి సంబంధించిన ఒక్క అంశానికే వర్తిస్తుంది.

మిగిలిన దారి కార్మిక చట్టం. కక్షతో తొలగించడాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐదవ షెడ్యూలులో అనుచిత కార్మిక విధానంగా గుర్తించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే భావనను కొనసాగించింది. కానీ ఈ రక్షణ ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజర్లకు అది వర్తించదు. నెలకు రూ.18,000 మించి వేతనం పొందే పర్యవేక్షకులకూ వర్తించదు. ఖాతాల్లో తేడాలు, ఒప్పందాల్లో లొసుగులు ముందుగా కంటపడేది సాధారణంగా ఈ స్థాయి ఉద్యోగులకే. వారి సంబంధం కాంట్రాక్టుపై ఆధారపడినది కాబట్టి, తొలగింపు అక్రమమని తేలినా నోటీసు కాలపు వేతనం మేరకు పరిహారం దక్కడమే ఎక్కువ. పునర్నియామకానికి న్యాయస్థానాలు సాధారణంగా ఆదేశించవు.

అమెరికాలో భారం పంచుకునే తీరు

అమెరికాలో కారణం చెప్పకుండానే ఉద్యోగిని తొలగించే వీలు ఎక్కువగా ఉంది. అయినా నమోదిత కంపెనీల్లో మోసాన్ని తెలియజేసిన వారికి 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం రక్షణ ఇస్తుంది. తొలగింపునకు దారితీసిన కారణాల్లో తన ఫిర్యాదు కూడా ఒకటని ఉద్యోగి చూపితే చాలు. ఫిర్యాదు లేకపోయినా అదే చర్య తీసుకునేవారమని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో నిరూపించాల్సిన బాధ్యత ఆపై సంస్థకు మారుతుంది.

యూబీఎస్ బ్యాంకుపై మాజీ ఉద్యోగి ట్రెవర్ ముర్రే వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 8న ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. సంస్థ మనసులో పగ ఉందని ఉద్యోగి వేరుగా నిరూపించనవసరం లేదని స్పష్టం చేసింది. అయినా ఆయన పోరాటం అంతటితో ముగియలేదు. జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో లోపం ఉందంటూ అప్పీలు కోర్టు 2025లో ఆయనకు అనుకూలమైన జ్యూరీ తీర్పును మరోసారి రద్దు చేసింది. ముర్రే ఉద్యోగం పోయింది 2012లో. చట్టం అనుకూలంగా ఉన్న చోట కూడా న్యాయం ఎంత ఆలస్యమవుతుందో ఈ కేసు చూపుతుంది.

హెచ్-1బీ వీసాపై అక్కడ పనిచేస్తున్న తెలుగువారికీ ఈ విషయం వర్తిస్తుంది. వేతనం ఎగ్గొట్టడం వంటి వీసా నిబంధనల ఉల్లంఘనను తెలియజేసిన ఉద్యోగిపై ప్రతీకారం తీర్చుకోవడాన్ని అమెరికా వలస చట్టం నిషేధించింది. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోగా అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాలి. సార్బేన్స్-ఆక్స్‌లీ కింద గడువు 180 రోజులే. ఉద్యోగం పోయిన హెచ్-1బీ ఉద్యోగికి దేశంలో కొనసాగేందుకు ఉండేది గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు. అందుకే చాలామంది హక్కు ఉండి కూడా నోరు విప్పరు.

సాక్ష్యం నిలిచేదెలా?

ఏ దేశంలోనైనా ఇలాంటి కేసుల్లో తేదీల వరుసే ప్రధాన సాక్ష్యం. ఫిర్యాదు ఎప్పుడు చేశారు, ఆ సంగతి నిర్ణయం తీసుకున్న అధికారికి ఎప్పుడు తెలిసింది, చర్య ఎప్పుడు తీసుకున్నారు అన్న మూడు తేదీలు దగ్గరగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఫిర్యాదుకు ముందు వరకు మంచి మార్కులు ఇచ్చిన పనితీరు మదింపు ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోవడం, అదే తప్పు చేసిన ఇతరులను వదిలేయడం కూడా లెక్కలోకి వస్తాయి. మాటల్లో చెప్పిన ఫిర్యాదుకు ఆనవాలు మిగలదు. కాబట్టి రాతపూర్వకంగా, నిర్దేశిత యంత్రాంగానికి, ఉల్లంఘించిన నిబంధనను పేర్కొంటూ ఇవ్వడం ముఖ్యం. సంస్థ రహస్య పత్రాలను విచక్షణ లేకుండా బయటకు తీసుకెళితే అదే తొలగింపునకు చట్టబద్ధమైన కారణంగా మారే ప్రమాదముంది.

సంస్థల వైపు నుంచి చూస్తే, ప్రతి ఫిర్యాదూ నిజం కాదు. క్రమశిక్షణ చర్య తప్పదని గ్రహించాక ముందుజాగ్రత్తగా ఆరోపణలు చేసేవారూ ఉంటారు. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించే నిబంధనను 2014 చట్టంలో చేర్చింది ఇందుకే. నిజమైన ఫిర్యాదుకూ, ఎత్తుగడకూ మధ్య తేడా తేల్చేందుకు అవసరమైన పత్రాలు, ఇ-మెయిళ్లు, మదింపు నివేదికలు దాదాపు అన్నీ యాజమాన్యం చేతిలోనే ఉంటాయి. గుర్తింపు కార్డు అప్పగించి గేటు దాటిన ఉద్యోగికి వాటిని చూసే వీలుండదు. పత్రాలు ఒకరి దగ్గర, నిరూపణ భారం మరొకరిపైన ఉన్నంతకాలం తూకం సరిగా ఉండదు. ప్రభుత్వ రంగంలో దీన్ని సరిదిద్దే నిబంధన 2014 నుంచి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తోంది. ప్రైవేటు రంగానికి అలాంటి నిబంధనను ఇంకా రూపొందించవలసే ఉంది.