మీకు తెలుసా? మాస్కు కొంత లీకవ్వాల్సిందే!

నిద్రలో ఊపిరి ఆగుతుండే స్లీప్ ఆప్నియాకు వాడే, ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషన్ మాస్కుకు సన్నటి చిల్లులుంటాయి. గాలి లీకవ్వాలనే వాటిని పెడతారు.

● మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. మిషన్ పీడనం 10 సెంటీమీటర్ల (నీటి మట్టం లెక్కలో) దగ్గర ఉంటే చాలా మాస్కుల్లోంచి నిమిషానికి సుమారు 30 లీటర్ల గాలి ఇలా పోతుంది. బుస్సుమంటోందని టేపు అంటించారో, వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది.

● ఆపాల్సింది మాస్కు అంచుల్లోంచి పోయే గాలిని. రెస్‌మెడ్ కంపెనీ మిషన్లలో అది నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువని లెక్క. పులివెందుల వేసవి ఉక్కకు ముఖమంతా చెమట, జిడ్డు పట్టి సిలికాన్ కుషన్ జారుతుంది. పట్టీలు ఇంకా బిగించే ముందు ముఖమూ కుషనూ కడిగి తుడవండి. మిషన్ వేసి, పడుకున్నాకే మాస్కు సర్దుకోండి.

● మిషన్ తెర మీది ‘ఏహెచ్‌ఐ’ అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నగిల్లిందో చెప్పే అంకె. కనీసం 10 సెకన్లుంటేనే ఒకటిగా లెక్క. 5 లోపుంటే మేలు. లీకు ఎక్కువైన రాత్రి ఆ అంకెనూ పూర్తిగా నమ్మలేం. ఆ అంకె రోజూ పెరుగుతుంటే పీడనం మీరే మార్చకుండా డాక్టరుకు చూపించండి.

● సిడ్నీ డాక్టరు కాలిన్ సలివన్ ఈ సీప్యాప్ చికిత్సను 1981లో లోకానికి చెప్పారు. ఆ తొలి రోజుల్లో లీకు బాధ తప్పించడానికి మాస్కును రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో ముక్కుకు అతికించేవారు!