పాడి చూపించే పరీక్ష

సీబీఎస్ఈ పన్నెండో తరగతి కర్ణాటక సంగీతంలో 100 మార్కులకు 70 ప్రాక్టికల్‌వే. అందుకే మా పిల్లల్ని ముందు శ్రుతి కుదుర్చుకోమంటాను. పక్కవాళ్ల శ్రుతిలో పాడితే పై షడ్జమం దగ్గర గొంతు బిగుస్తుంది.

తర్వాత వర్ణం. మోహనలో ‘నిన్నుకోరి’ తీసుకోండి. ఆది తాళానికి 8 అక్షరాలు: లఘువుకు 4, రెండు ద్రుతాలకు చెరి 2. మొదటి కాలం నిదానంగా, రెండో కాలం రెట్టింపు వేగంతో పాడాలి. పాట వేగం పెరిగినా చేతిలో తాళం నడక మారకూడదు.

ఆరోహణ అడిగితే స్వరాల పేర్లు అప్పజెప్పొద్దు, పాడి వినిపించండి. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవని చెవికే తెలియాలి. మధ్యలో తప్పు దొర్లితే ఆగకండి, తాళం వదలకుండా తర్వాతి ఆవర్తనంలో అందుకోండి. ఆ నిబ్బరం కోసం, అమ్మానాన్నలూ, రోజూ పిల్లల ఎదుట కూర్చుని ఒక్క వర్ణమైనా వినండి.