వెబ్‌సైట్ నిర్మాణ వేదిక ఎంపిక: ఆళ్లగడ్డ శిల్పవృత్తి, నంద్యాల వ్యాపారం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి చెందిన పట్టణం. ఇక్కడి శిల్పకళకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. కర్నూలు - కడప జాతీయ రహదారి మీద దీనికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాల, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కేంద్రమైంది. బియ్యం, విత్తనాల వ్యాపారం ఇక్కడ ప్రధానం. ఒకే రహదారి మీద ఉన్నా ఈ రెండు ఊళ్లలో అమ్మకం జరిగే తీరు వేరు. కాబట్టి వెబ్‌సైట్‌కు ఎంచుకోవలసిన వేదిక కూడా వేరు కావచ్చు. ఈ ఎంపికకు ఆధారాలు ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. సరుకు స్వభావం:

బియ్యం బస్తాకు తూకం, ధర ముందే నిర్ణయమై ఉంటాయి. కొనుగోలుదారు ఎంచుకొని, డబ్బు చెల్లించి, చిరునామా ఇస్తే చాలు. ఇటువంటి అమ్మకానికి షాపిఫై వంటి నెలవారీ రుసుము వేదిక గాని, వర్డ్‌ప్రెస్‌కు చేర్చుకొనే వూకామర్స్ గాని సరిపోతుంది. సరుకుల పట్టిక, చెల్లింపు, నిల్వల లెక్క వీటిలో సిద్ధంగా ఉంటాయి.

దేవతామూర్తి విషయం అలా కాదు. మూర్తి స్థానకమా, ఆసీనమా? ఎత్తు ఎంత? ఆయుధాలు ఏవి? పీఠం, ప్రభావళి ఎలా ఉండాలి? ప్రతిష్ఠ ఎప్పుడు? ఇవన్నీ తేలి, తాలమానం ప్రకారం కొలతలు కుదిరిన తరువాతనే ధర నిర్ణయమవుతుంది. అంటే ఇక్కడ వ్యాపారం సంభాషణతో మొదలవుతుంది. శిల్పికి కావలసినవి పూర్తిచేసిన పనుల ఛాయాచిత్రాలు, విచారణ పత్రం, ఫోన్ నంబరు. కొనుగోలు బుట్ట కోసం నెలనెలా రుసుము చెల్లించడం అతనికి వృథా వ్యయం.

3. స్వాధీనత:

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ద్వారా ఉచితంగా నిర్మించుకొన్న వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో నిలిపివేసింది. మ్యాపులో దుకాణం వివరాలు మిగిలాయి గాని వెబ్‌సైట్లు పోయాయి. పరుల స్థలంలో కట్టిన ఇల్లు ఎంతకాలం నిలుస్తుందో మన చేతిలో ఉండదు.

విక్స్‌లో పేజీలను కూర్చడం సులభం. భద్రత బాధ్యత ఆ సంస్థదే. అయితే అక్కడ కట్టిన వెబ్‌సైట్‌ను యథాతథంగా వేరొక సర్వరుకు తరలించడం సాధ్యం కాదు. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. సొంత హోస్టింగులో నడుపుకొంటే ఎక్కడికైనా తరలించవచ్చు. కాని నవీకరణ, నకళ్లు భద్రపరచడం యజమాని బాధ్యతలవుతాయి. ఆ పని చూసే మనిషి లేనప్పుడు స్వేచ్ఛే భారమవుతుంది. ఏ వేదికనైనా డొమైన్ పేరు నిర్మించి ఇచ్చిన వ్యక్తి పేరిట కాక యజమాని పేరిటనే నమోదు కావాలి. అది చేతిలో ఉంటే వేదిక మారినా చిరునామా మారదు.

4. తెలుగు పాఠం:

తెలుగు లిపికి 1991 నుంచి యూనికోడ్‌లో స్థానం ఉంది. అయినా డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల వాడకం విస్తృతం. ఆ పాఠాన్ని నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. దానిని తప్పించడానికి కరపత్రాన్నే బొమ్మగా పెడితే మనిషి చదవగలడు గాని, వెతుకులాటలో ఆ పాఠం దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందువల్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చేర్చాలి. ఊరిపేరు 'ఆళ్లగడ్డ', 'ఆళ్ళగడ్డ' అని రెండు విధాలుగా వాడుకలో ఉన్నందున రెండు రూపాలూ పేజీలో ఉండటం మేలు. వేదికను ఎంచుకొనే ముందు ఒక తెలుగు పేజీని తయారుచేసి, ఒత్తులు, గుణింతాలు చిన్న ఫోనులో సరిగా కనబడుతున్నాయో లేదో చూడాలి.

భౌగోళిక సూచికల చట్టం (1999) ప్రకారం ఆ గుర్తింపును వాడుకొనే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవారిది. కాబట్టి ఆ చిహ్నాన్ని వెబ్‌సైట్‌లో ఉంచదలచిన శిల్పి ముందుగా నమోదు పొందాలి.

5. ముగింపు:

- ధర ముందే తెలిసిన సరుకుకు అంగడి వేదిక, కోరికను బట్టి చేసే పనికి ప్రదర్శన వేదిక తగినవి.
- నిర్వహించే మనిషి ఉంటే సొంత హోస్టింగులో వర్డ్‌ప్రెస్, లేకుంటే నిర్వహణను సంస్థే చూసుకొనే వేదిక మేలు.
- డొమైన్, ఛాయాచిత్రాల మూలప్రతులు, తెలుగు పాఠం ఎప్పుడూ యజమాని వద్దనే ఉండాలి.

శిల్పి రాయిని ఎంచుకొనేది మూర్తిని బట్టి. వెబ్‌సైట్ వేదికను కూడా వృత్తిని బట్టే ఎంచుకోవాలి.